ప్రార్థన కోసమేగా

సోమవారం పొద్దున్నే మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోని ఆ ఇంటి గరాజులో కస్తూరి ఆంటీ బియ్యం డ్రమ్ము మూత తీసింది. ముక్కిన వాసన గుప్పున కొట్టింది. సోనియా ముఖం పక్కకి తిప్పుకుంది. పైపొర మీద నల్ల పురుగులు ఏ తొందరా లేనట్టు తిరుగుతున్నాయి.

“పురుగుందంటే మంచి బియ్యమని లెక్క అమ్మాయ్. మందు కొట్టలేదన్నమాట,” అంది ఆంటీ, చేట చేతికిస్తూ.

అది ప్లాస్టిక్ చేట. నర్సాపురం నుంచి తెచ్చుకున్న వెదురు చేటని ఎయిర్‌పోర్టులో లాక్కున్నారు. ఆ దుఃఖం ఆంటీకి ఇంకా తీరలేదు. చేట పోయినా అలవాటు మాత్రం పోనివ్వలేదు. వాళ్ళ చర్చి సంఘంలో ఉన్న ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళూ అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున పక్కన తీసి పెట్టాలి. నెలకోసారి ఆంటీ ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తుంది.

అలవాటు మంచిదే. చిక్కంతా డ్రమ్ములో ఉంది. ఒకరింట్లో బాస్మతి, ఒకరింట్లో సోనామసూరి, ఇంకొకరింట్లో ఇడ్లీ బియ్యం, షుగరున్నవాళ్ళ ఇంట్లో బ్రౌన్ రైసు. అన్నీ ఒకే డ్రమ్ములో కలిసిపోతాయి. పొయ్యి మీద పెడితే సోనామసూరి జావైపోయేసరికి బ్రౌన్ రైసు ఇంకా పలుకు మీదే ఉంటుంది. మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో సోనియా నెల్లాళ్ళు తిన్నది ఆ అన్నమే. తినిపించిన చెయ్యి ఎదురుగానే ఉంది కనుక మాట్లాడకుండా చేటలో బియ్యం పోసుకుని పురుగులు ఏరడం మొదలుపెట్టింది.

ఆంటీ వృద్ధాశ్రమంలో, ఎలియాజర్ అంకుల్ రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. సోనియా వాళ్ళింట్లో వెనకగది అద్దెకి తీసుకుని అకౌంటింగ్‌లో మాస్టర్స్ చదువుతోంది. దంపతులిద్దరూ కారులో సిడ్నీదాకా వెళ్ళాలన్నది ముప్పై ఏళ్ళ ముచ్చట. దారిలో ఆగిన ఊరల్లా ప్రార్థన, పేద విద్యార్థులకు బియ్యం, దుప్పట్లు, ఆపైన చూడదగ్గ చోట్లు. దేవుడి పనీ, దానమూ, షికారూ ఒకే పెట్రోలుతో అయిపోవాలని ఆంటీ పథకం. సోనియాకి సిడ్నీ పక్కనే పారమట్టాలో స్నేహితురాలు సింధుజ దగ్గర రెండు వారాల సెలవుల పని దొరికింది. అక్కడిదాకా తీసుకెళ్ళి దించుతామన్నారు, కాకపోతే కారు తనే నడపాలి.

“హైవే ప్రాక్టీసవుద్ది నీకు,” అన్నాడు అంకుల్, తాళాలు చేతిలో పెడుతూ. ఎంత మంచివాడో అనుకుంది సోనియా.

షెపర్టన్ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. శేషగిరి గారనే తెలుగాయన ఇంట్లో ఎనిమిదిమంది కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది. ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు మోకాళ్ళ నొప్పులన్నారు, ఒకరు వీసా అన్నారు. ఆంటీ లేచి నిలబడి కొంగు తలమీదికి లాక్కుంది.

“మన సోనియా కోసం భారం కలిగి ప్రార్థన చెయ్యాలండి. ఆడిటింగ్ పరీక్ష తప్పింది పాపం. మళ్ళీ రాసింది. శుక్రవారం రిజల్టు. ఇదీ పోయిందంటే యూనివర్సిటీవాళ్ళు ఏమంటారో, వీసా ఏమవుద్దో. వాళ్ళ నాన్నకి కూడా తెలీదండి ఈ సంగతి.”

ఎనిమిది తలలూ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. సోనియా చేతిలో పాటల పుస్తకం ఉంది. అందులో అక్షరాలు కనబడటం మానేశాయి. పోయిన నెల వంటింట్లో ఏడుస్తూ చెప్పుకున్న మాట అది. ఎవరికీ చెప్పొద్దు ఆంటీ, పాసైనా ఫెయిలైనా నాన్నకి నా నోటితో నేనే చెప్పుకోవాలి, అంది. “నేనూ, దేవుడూ, నా మోకాళ్ళూ. నాలుగో మనిషికి తెలీదు,” అని నెత్తిమీద చెయ్యి వేసి చెప్పింది ఆంటీ.

ప్రార్థన అయ్యాక కప్పులు కడుగుతున్న ఆంటీ పక్కన చేరింది సోనియా. గొంతు వణకకుండా అడగాలనుకుంది గాని వణికింది.

“నాతో విడిగా మాట్లాడొచ్చుగా ఆంటీ. అందరి ముందూ ఎందుకు చెప్పారు?”

ఆంటీ నిజంగా ఆశ్చర్యపోయింది. నురగ చేతులు అలాగే గాల్లో ఉంచేసింది.

“ప్రార్థన కోసమేగా అమ్మా. ఊరికే చెప్తానా? ఒక్కదాన్ని అడిగేకంటే పదిమంది అడిగితే బలం కదా.”

కబుర్లు మోసిందనడానికి లేదు, ఆవిడ మోసింది భారం. నిద్రపోయే ముందు పళ్ళు తోముకుంటూ ఆంటీ మళ్ళీ వచ్చి, ఎలాంటి తేడా లేని గొంతుతో రేపటికి బియ్యం సంచులు కట్టాలి, గుర్తుందా అంది. ఈవిడ వేళ్ళు నా నెత్తిమీద ఎలా పెట్టనిచ్చానా అని సోనియాకి అప్పుడు వెగటు పుట్టింది.

మంగళవారం గ్రిఫిత్. నారింజ తోటల్లో కాయలు కోసే కాలం. సెలవుల్లో కూలికి వచ్చిన తెలుగు పిల్లలు ఏడుగురు తోట చివరి షెడ్డులో ఉంటున్నారు. కాయల తొక్క నూనెకి వాళ్ళ వేళ్ళ చివర్లు పగిలి పసుపు రంగుకి తిరిగాయి. మెడలో వేళ్ళాడే గుడ్డ సంచులు విప్పి, ఆంటీ చెప్పినట్టు వరసగా నిలబడ్డారు.

సోనియా సంచులు అందిస్తే ఆంటీ పంచింది. ఒక్కొక్కరూ సంచి పట్టుకోవాలి, ఆంటీ రెండోవైపు పట్టుకోవాలి, అంకుల్ ఫొటో తియ్యాలి. అంకుల్ తీసిన ఫొటోల్లో సగానికి తలలు లేవు. ఆంటీ విసుక్కుని ఫోను సోనియాకిచ్చింది. “నవ్వండమ్మా, దేవుడిచ్చింది తీసుకునేటప్పుడు ఏడుపు మొహాలేంటి?” అంది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఫోను తెరలో చూస్తుంటే సోనియాకి నిన్నటి వెగటు మళ్ళీ గొంతులోకి వచ్చింది. రెండేళ్ళ కింద ఇలాంటి ఫొటోలో తనూ ఇలాగే నవ్వింది.

చివరగా వచ్చిన లలితకుమారి అనే తణుకమ్మాయి సంచి విప్పి వేలితో బియ్యం కలిపి చూసింది.

“ఇదెలా వండాలక్కా? అన్నీ కలిసిపోయి ఉన్నాయి.”

“వండితే రాదు. నానబెట్టి రుబ్బి అట్లు పోసుకో,” అంది సోనియా గొంతు తగ్గించి.

“మిక్సీ లేదక్కా. ఒక్క కుక్కరే.” ఆ పిల్ల సంచి మూతి ముడేసి, కాస్త సంకోచించి అడిగింది. “మీరేనా ఆడిటింగ్ అక్క?”

సోనియాకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

“నిన్న షెపర్టన్‌లో ఉండే ఒక ఆంటీ మా వాట్సాప్ గ్రూపులో పెట్టారక్కా, ప్రార్థన చెయ్యమని. ఏం కాదులెండి. మా సీనియర్ ఒకడు మూడు తప్పాడు, ఇప్పుడు హాయిగా కాయలు కోసుకుంటన్నాడు.”

ఓదార్పు అలా ఉంది. సోనియా అప్పుడు ఫోను తీసి చూసుకుంది. షెపర్టన్ నుంచి గ్రిఫిత్, గ్రిఫిత్ నుంచి బ్లాక్‌టౌన్, అన్ని ఊళ్ళ గ్రూపుల్లోనూ తన పేరూ, దాని పక్కన రెండు దణ్ణాల బొమ్మలూ. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లో వాళ్ళు దిగబోయేది ప్రిస్సిల్లా గారింట్లో. ప్రిస్సిల్లా వాళ్ళది రాజోలు. సోనియా నాన్న రాజోలు చర్చిలో సంఘ పెద్ద. ప్రిస్సిల్లా తల్లి కూర్చునేది ఆయన వెనక బెంచీలో.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది. అంతవరకూ ఆ కబురు సముద్రం దాటకుండా ఉంటే చాలు. సోనియా తనూ ప్రార్థన చేసుకుంది, నోరు మూసుకుని.

బుధవారం పార్క్స్ దగ్గర ఆగారు. గొర్రెల మేతభూముల మధ్య ఆకాశం వైపు తెరుచుకున్న పెద్ద తెల్ల గిన్నె, రేడియో టెలిస్కోపు. చుక్కల చప్పుడు వింటుందట. ఆంటీ బాత్రూముకి వెళ్ళింది. అంకుల్ బల్ల మీద చద్ది పులిహోర డబ్బా విప్పబోయి, మూత అంచు దొరక్క రెండుసార్లు గాలిని పట్టుకున్నాడు. సోనియా డబ్బా తీసుకుని విప్పింది.

“ఆ గిన్నె ఏ పక్కకి తిరిగుందమ్మా?” అన్నాడు ఆయన.

సోనియా చూసింది. గిన్నె ఎదురుగానే ఉంది. ఇరవై అంతస్తుల మేడంత ఉంది.

“అంకుల్, మీకు కనబడట్లేదా?”

ఆయన పులిహోర ముద్ద చేసుకుని నెమ్మదిగా నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగి, అప్పుడు చెప్పాడు. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో నడిమధ్య కాస్త మిగిలింది. కంటి ప్రెషరు. బండి ముట్టుకోవద్దని డాక్టరు మార్చిలోనే చెప్పాడు.

“మీ ఆంటీకి చెప్పకమ్మా. చెప్తే ఈ ట్రిప్పు ఆగిపోయేది. ముప్పై ఏళ్ళ నించీ బ్లూ మౌంటెన్స్, బ్లూ మౌంటెన్స్ అంటా ఉంది.”

“మరి నేను పారమట్టాలో దిగిపోతే?”

“ఫ్రీవే మీద మెల్లిగా ఎడమపక్కనే పోతాను. తెల్లగీత కనబడుద్ది. దేవుడున్నాడు.”

తిరుగు దారి తొమ్మిది వందల కిలోమీటర్లు. పక్కసీట్లో లైసెన్సు లేని భార్య. ఆంటీకి మీరే చెప్పండి అంకుల్, ప్లీజ్, అని సోనియా బతిమాలింది. ఆయన చూస్తాలే అన్నాడు. అంతలో ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఏంటి మీ ఇద్దరి గుసగుసలు అంది. “టెలిస్కోపు గురించి ఆంటీ,” అంది సోనియా. దాచమన్న మాట ఎలా దాస్తారో చూపించినందుకు తన మీద తనకి కాస్త గర్వం కూడా కలిగింది. ఆంటీకి లేనిది నాకుంది అనుకుంది.

గురువారం పొద్దున బ్లూ మౌంటెన్స్‌లోని కటూంబాలో పొగమంచు. మూడు అక్కచెల్లెళ్ళ రాళ్ళు చూసే చోట కటకటాల అవతల తెల్లదనం తప్ప ఏమీ లేదు. మెడలో కెమెరాలు వేసుకున్నవాళ్ళు ఉసూరుమంటూ కాఫీ కొట్టువైపు పోతున్నారు. ఆంటీ మాత్రం కటకటాలు పట్టుకుని కొండల కీర్తన అందుకుంది. కళ్ళ వెంట నీళ్ళు. పక్కన నిలబడి అంకుల్ అబ్బ, ఎంత బాగుందో అన్నాడు. మంచు కాబట్టి ఈ ఒక్క చోట ఆయనకీ మిగతావాళ్ళకీ తేడా లేకుండా పోయింది.

పదకొండున్నరకి ఫోను మోగింది. నాన్న. అక్కడ ఉదయం ఏడు. ఆ వేళప్పుడు ఆయన ఎప్పుడూ చెయ్యడు.

“అమ్మా, బాగున్నావా? తిన్నావా? నిన్న సాయంత్రం కూడికలో పాస్టరయ్యగారు ఒక బిడ్డ కోసం ప్రార్థన చేయించారమ్మా. విదేశంలో చదువు తప్పింది, తండ్రి దగ్గర దాచిపెట్టింది అని. కళ్ళు మూసుకుని నేనూ గట్టిగానే ఆమెన్ అన్నాను. చివర్లో పేరు చెప్పారు.”

సోనియా కటకటాల ఇనుము పట్టుకుంది. మంచుకి తడిసి చల్లగా ఉంది.

“నాన్నా, రేపు రిజల్టు వచ్చాక నేనే...”

“తప్పితే తప్పావమ్మా, దాందేముంది. నాకు ముందే చెప్పుంటే నేనే లేచి నిలబడి నీ కోసం మనవి చేసుందును కదా. ముందు బెంచీలో కూర్చుని, మన పిల్ల సంగతి మనకే తెలియకపోతే... సర్లే. చలిగా ఉందా అక్కడ? స్వెట్టర్ వేసుకో.”

ఫోను పెట్టేశాడు. ఆంటీ కీర్తన ముగించి, సోనియా భుజం మీద చెయ్యివేసి, మీ నాన్నగారా, మా వందనాలు చెప్పావా అంది. సోనియాకి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. ఆ చెయ్యి దులిపేసింది. ఆంటీ గమనించలేదు. చలి కదా అని శాలువా తీసి కప్పబోయింది.

బ్లాక్‌టౌన్ దాకా గంటకు పైగా సోనియా రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. వెనకసీట్లోంచి ఆంటీ గారెలు అందిస్తే వద్దంది. పక్కన అంకుల్ గొంతు తగ్గించి, “పోనీలేమ్మా, మీ ఆంటీ మనసులో ఏమీ ఉండదు,” అన్నాడు. ఉండకపోవడమే అసహ్యంగా ఉంది సోనియాకి. పగతో చేసినా బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి చోటుండేది.

శుక్రవారం తొమ్మిదింటికి ప్రిస్సిల్లా గారి పెరట్లో బట్టలారేసే తీగ కింద నిలబడి సోనియా ఫోను తెరిచింది. పాస్. యాభై ఎనిమిది. రెండుసార్లు చదువుకుంది. వెంటనే నాన్నకి చేసింది. రాజోల్లో ఇంకా తెల్లవారలేదు, అయినా ఒక్క రింగుకే ఎత్తాడు.

విన్నాడు. సంతోషం తల్లీ అన్నాడు. తర్వాత, కొంచెం సిగ్గుపడుతున్నట్టు అడిగాడు. “ఈ మాట నాకంటే ముందు ఎవరికైనా చెప్పావా?”

“లేదు నాన్నా. మీకే మొదట.”

“ఊఁ,” అన్నాడు. ఆ ఊఁలో ఆయన ఎంత తేరుకున్నాడో వినిపించింది.

ఇక సోనియాకి పోయేదేమీ లేదు. ఆ మాట లోపలికెళ్ళి చెప్పి, బ్యాగు తీసుకుని, రైలెక్కి పారమట్టా పోతే సరిపోయేది. కానీ వెళ్ళలేదు, చెప్పనూ లేదు. పది గంటలకి ఉపవాస ప్రార్థన. ఆమె వెళ్ళి గోడవార కూర్చుంది.

హాల్లో పద్నాలుగుమంది. గుమ్మంలో చెప్పుల కుప్ప. ప్రిస్సిల్లా భర్త ఎబెన్ గారు పాటలు పాడించారు. మనవుల వంతు వచ్చింది. ఆంటీ లేచింది, కొంగు తలమీదికొచ్చింది. ఊరూరికీ పెరుగుతూ వచ్చిన మనవి ఇప్పుడు బాగా ఒళ్ళు చేసింది. తిండి తినట్లేదట, ఎవరితోనూ మాట్లాడట్లేదట, ఆ బిడ్డ చదువు మీద సాతాను కన్నేశాడట. ఇవాళే రిజల్టట.

అందరూ అయ్యో అన్నారు. అయ్యోలు చల్లారాక ప్రిస్సిల్లా అడిగింది. “నీ మనవేంటో నువ్వు కూడా చెప్పమ్మా సోనియా.”

సోనియా లేచింది. చున్నీ తలమీద వేసుకుంది. గొంతు ఏమాత్రం వణకలేదు.

“నా గురించి కాదండి. మా ఎలియాజర్ అంకుల్ గారి కళ్ళ కోసం మీరందరూ భారం కలిగి ప్రార్థన చెయ్యాలి. ఎడమకన్ను పూర్తిగా పోయిందండి. రెండోదీ పోతోంది. బండి నడపొద్దని డాక్టరు మార్చిలోనే చెప్పాడు. ఆదివారం ఆయనే నడుపుకుంటూ మెల్‌బోర్న్ వెళ్ళాలనుకుంటున్నారు. పాపం ఆంటీకి కూడా తెలీదండి ఈ సంగతి.”

చివరి వాక్యం ఎక్కడ విన్నదో అక్కడినుంచే వచ్చింది, మక్కీకి మక్కీ. అన్ని తలలూ ఆంటీ వైపు తిరిగాయి. ఆంటీ భర్త వైపు చూసింది. ఆయన తల దించుకుని చాప అల్లిక వేలితో తడుముతున్నాడు. ఎబెన్ గారు గట్టిగా ప్రార్థన అందుకున్నారు. పద్నాలుగు గొంతులు కలిసి గది అదిరిపోయింది. ఆ హోరులో సోనియా మాత్రం కళ్ళు తెరిచే ఉంది. ఆంటీ ముఖం చూడాలనిపించింది, చూసింది. పెదాలు కదలట్లేదు. ప్రతి ప్రార్థనలోనూ అందరికంటే పైన వినబడే గొంతు ఇవాళ లేవలేదు. ఒక్క క్షణం సోనియాకి చల్లగా అనిపించింది.

ప్రార్థన అయ్యాక పనులు చకచకా జరిగాయి. సోమవారం దాకా సెలవే, నేనే నడిపి టార్నీట్‌లో దించి విమానంలో వచ్చేస్తానన్నారు ఎబెన్ గారు. అంకుల్ సంచిలోంచి రెండో తాళాల గుత్తి తీసి, బల్ల అంచు చేత్తో వెతుక్కుని దానిమీద పెట్టాడు. సోనియా పక్కనుంచి వెళుతూ ఆగాడు.

“హైవే మీద బాగా నడిపేవమ్మా,” అన్నాడు.

సోనియా నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్ళింది. ఆంటీ అక్కడ నేలమీద, సాయంత్రం బ్లాక్‌టౌన్ పిల్లలకి పంచాల్సిన చివరి బియ్యం ముందేసుకుని కూర్చుంది. చేట ఒళ్ళో ఉంది. ఫోను మోగింది. టార్నీట్ నుంచి కొడుకు ఏతాన్. ప్రిస్సిల్లా అప్పుడే గ్రూపులో పెట్టేసింది, టార్నీట్ చేరిపోయింది.

“మామ్, వాట్స్ రాంగ్ విత్ డాడ్స్ ఐస్? వై ఇజ్ ఎవ్రీబడీ టెక్స్టింగ్ మీ?”

“తర్వాత మాట్లాడతాను నాన్నా. నేనింకా మీ డాడీతో మాట్లాడలేదు,” అని ఆంటీ ఫోను బోర్లా పెట్టింది. అప్పుడు తలెత్తి చూసింది. కోపం లేదు ఆ చూపులో.

“నాతో విడిగా చెప్పొచ్చుగా అమ్మా. అందరి ముందూ ఎందుకు చెప్పేవు?”

ఈ ప్రశ్న వినాలనే నాలుగు రోజులుగా సోనియా ప్రాణం కొట్టుకుంది. దీనికి జవాబు నాలిక చివరే సిద్ధంగా ఉంది.

“ప్రార్థన కోసమేగా ఆంటీ.”

ఆంటీ మెల్లగా తల ఊపింది.

“అవునమ్మా. ప్రార్థన కోసమే కదా. నువ్వు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఆదివారం ఇద్దరం ఏమైపోదుమో. దేవుడే నీ నోట పలికించాడు తల్లీ.” కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఇంతకీ నీ రిజల్టు వచ్చిందా?”

ఆవిడ నమ్మింది. షెపర్టన్‌లో తను చెప్పిన మాటని ఎంత నమ్మి చెప్పిందో, ఇప్పుడు సోనియా చెప్పినదాన్నీ అంతే నమ్మింది. ఇద్దరూ అన్నది ఒకటే మాట. అబద్ధం మాత్రం ఒక్కరిదే. నాలుగు రోజులుగా ఆంటీ చేతిమీదా, గొంతుమీదా, చేటమీదా కలిగిన అసహ్యం అంతా తిరిగొచ్చి సోనియా నోట్లోనే చేరింది. నీళ్ళు తాగినా పోలేదు.

ఆంటీ చేట దగ్గరికి లాక్కుంది. కళ్ళనిండా నీళ్ళుండటంతో పురుగులు కనబడక, మంచి గింజలే ఏరి పక్కన పడేస్తోంది. ఇలా ఇవ్వండి ఆంటీ, నేను ఏరతాను అందామనుకుంది సోనియా. పద్నాలుగుమంది ముందు తడబడకుండా మాట్లాడిన నోరు ఆ ఒక్క మాటకి పెగల్లేదు.